శ్రీ రాయని పంతులు

మా ఊళ్ళో పాపాయి పంతులుగారి పేరెత్తితే ముందు నవ్వుతారు, తరవాత నిట్టూరుస్తారు. నవ్వు ఆ పేరుకి. ఆయనకు ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోతే, ఈ బిడ్డకైనా దిష్టి తగలకూడదని తల్లి పాపాయి అని పిలిచిందట. ఆ పాపాయి ఆరడుగుల మనిషై, బుర్రమీసాలు పెంచి, బెత్తం పట్టుకుని అరుగుమీద కూచున్నా పేరు మాత్రం మారలేదు. నిట్టూర్పు ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను నరసాపురంలో కోర్టు కాగితాలకు నకళ్ళు రాసే గుమాస్తాని. పొద్దస్తమానం ఊరివాళ్ళ తగవులన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఇస్తాను. నన్ను బతికించిన మనిషి గురించి నాలుగు ముక్కలు రాయడానికి మాత్రం నలభై రెండో ఏడు వచ్చేదాకా చెయ్యి రాలేదు. సిగ్గుపడాల్సిన సంగతే.

మా ఊరు మొగల్తూరికి కోసెడు దూరం. గోదావరికి ఆనకట్ట కట్టి అప్పటికి ఇరవై ఏళ్ళు. కాలవ నీళ్ళొచ్చి వరి పండి, రైతులకు పిల్లల్ని బడికి పంపే ఓపిక వచ్చిన రోజులు. బడంటే పంతులుగారి ఇంటి వీధరుగే. ఇసుకలో వేలు పెట్టి అక్షరాలు దిద్దేవాళ్ళు ఒక పక్క, తాటాకు మీద గంటంతో రాసేవాళ్ళు ఇంకో పక్క, మొత్తం ముప్పైమందిమి.

అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో పంతులుగారు సిరాతో శ్రీ రాసేవారు. రెండోవాడికి చుక్క. మూడోవాడికి బెత్తంతో ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా వచ్చిన వరసని బట్టి పెరుగుతూ పోయేవి. ముప్పయ్యోవాడి సంగతి చెప్పక్కర్లేదు. ఇది ఆయన కనిపెట్టిన పద్ధతేం కాదు. ఆ రోజుల్లో వీధిబళ్ళలో చాలాచోట్ల ఇదే ఆచారం. శ్రీ పడిన చెయ్యి ఆ రోజంతా కడగబుద్ధయ్యేది కాదు. అమ్మ అన్నం కలిపి నోట్లో పెట్టేదాకా ఆ చెయ్యి అలా ఎత్తి పట్టుకుని కూచునేవాణ్ణి.

పంతులుగారికి అప్పటికి ముప్పై ఏళ్ళుంటాయి. భార్య శ్యామలాంబగారు తొలికాన్పులోనే పోయింది. బిడ్డా దక్కలేదు. మళ్ళీ పెళ్ళి చేసుకోమని చుట్టాలు పోరితే, నాకు ముప్పైమంది పిల్లలున్నారు చాలు అని తోసిపుచ్చేవారట. మంచి పంతులని పేరు. కోపిష్టి అని కూడా పేరు. రెండూ నిజమే.

నేను కరణంగారి అబ్బాయిని. మా ఇల్లు బడికి ఎదురుగానే ఉండేది కనక శ్రీ దాదాపు నా సొంత ఆస్తిలా ఉండేది. నా పదకొండో ఏట కార్తీకంలో అది చెయ్యి జారింది. వీరాస్వామి అనేవాడు నాకంటే ముందు రావడం మొదలుపెట్టాడు. వాడు నాకంటే ఒక ఏడాది పెద్ద. తల్లీ తండ్రీ ఒకే వేసవిలో కలరాకి పోతే మేనమామ చిట్టియ్య తెచ్చుకుని సాకుతున్నాడు. చిట్టియ్య చెడ్డవాడు కాదు. అతని భార్య సుబ్బాయమ్మా చెడ్డది కాదు. వేళకు అన్నం పెట్టేవాళ్ళు. పొలం, పశువులు, పంట తప్ప ఆ ఇంట్లో మాటలు తక్కువ.

వరసగా ఇరవై రోజులు శ్రీ వాడిదే. నాకు చుక్క. చుక్క పెట్టించుకున్న చెయ్యి చూస్తే నాకు తల కొట్టేసినట్టుండేది. దీని అంతు తేల్చుకోవాలని ఒకనాడు తొలికోడి కూయగానే లేచి, అమ్మ చూడకుండా మంచులో బడికి పరిగెత్తాను. వీరాస్వామి అప్పటికే ఉన్నాడు. మోకాళ్ళు కావలించుకుని స్తంభానికి ఆనుకుని కూచున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎప్పుడొచ్చావురా అని గద్దించాను.

"నిద్ర పట్టట్లేదురా. ఇంట్లోకంటే ఇక్కడ నయంగా ఉంది" అన్నాడు.

నాకు అందులో దొంగాట తప్ప ఇంకేమీ కనపడలేదు. బడి కూడగానే లేచి నుంచుని, వీడు తెల్లారకుండానే వచ్చి కూచుంటున్నాడండి, ఇది అన్యాయమండి, అని అందరి ముందూ చాడీ చెప్పాను. పంతులుగారు గట్టిగా నవ్వారు. చదువంటే వాడికి అంత ప్రేమ, చూసి బుద్ధి తెచ్చుకో అన్నారు. చాడీ చెప్పినందుకు నాకు రెండు తగిలించారు. వాడి అరచేతిలో శ్రీ మామూలుకంటే పెద్దదిగా రాశారు. వాడు ఆ చేతివంక చూసుకోలేదు. ఆ సంగతి ఇప్పుడు గుర్తొస్తోంది. ఆ పూట నాకు నా దెబ్బలే కనిపించాయి.

ఇంకా కనిపించాల్సినవి చాలానే ఉన్నాయి. ఎక్కాలు గడగడా అప్పజెప్పేవాడు సగంలో ఆగిపోయేవాడు. మధ్యాహ్నం మేమంతా బిళ్ళంగోడు ఆడుతుంటే అరుగుమీదే ఉండిపోయేవాడు. వయసొస్తోంది, నెమ్మదస్తుడవుతున్నాడని పంతులుగారు మెచ్చుకున్నారు. అల్లరి చెయ్యని పిల్లవాడంటే ఏ పంతులుకి మాత్రం చేదు?

వారం తరవాత బడి వదిలాక వీరాస్వామి నన్ను వెనక్కి పిలిచి తన గంటం నా చేతిలో పెట్టాడు. కొమ్ము పిడి ఉన్న గంటం, వాళ్ళ నాన్నది. దాన్ని ముట్టుకోనిస్తే చాలునని మేమంతా వాడి వెనకాల తిరిగేవాళ్ళం.

"నువ్వుంచుకో. రేపట్నించి శ్రీ కూడా నీదేలే" అన్నాడు.

ఎందుకిస్తున్నావని నేను అడగలేదు. మళ్ళీ మనసు మార్చుకుంటాడేమోనని ఇంటికి ఒకటే పరుగు.

మర్నాడు అందరికంటే ముందు నేనే. నా చేతిలో శ్రీ పడింది. వీరాస్వామి రాలేదేమని ఎవరో అంటే, రానీ, ఇవాళ వాడికి ఇరవై ఎనిమిది దెబ్బలు రాసిపెట్టి ఉన్నాయి అని పంతులుగారు మీసం దువ్వుతూ అన్నారు. అందరం నవ్వాం. మధ్యాహ్నం చిట్టియ్య వచ్చి అరుగుకింద నుంచుని పైపంచె నోట్లో కుక్కుకున్నాడు.

వీరాస్వామి తన ప్రాణం తనే తీసుకున్నాడు. ఎలాగన్నది నేను రాయను. కోర్టులో అలాంటివి పూసగుచ్చినట్టు రాయడమే నా పని, ఇక్కడ మాత్రం రాయను. ఆ వివరం తెలిసి బాగుపడిన వాళ్ళెవరూ లేరు.

నూతి దగ్గర రాతిమీద అరచెయ్యి పెట్టి తోముకున్నాను. సిరా వదల్లేదు. చర్మం లేచింది.

ఊరు పది కారణాలు చెప్పింది. మేనమామ తిట్టాడంది, అత్త సరిగ్గా చూడలేదంది, గాలి సోకిందంది, చచ్చిన తల్లి పిలిచిందంది. పంతులుగారు పదమూడు రోజులు బడి మూసేసి, రోజూ వెళ్ళి చిట్టియ్య అరుగుమీద కూచుని వచ్చేవారు. కారణం ఏమై ఉంటుందంటారని మా నాన్న జగన్నాథరావుగారు అడిగితే, "నాకు తెలీదండి. నేను అడగలేదు" అన్నారు. ఇంకెన్నిసార్లు ఎవరడిగినా ఆయన నోటినించి ఆ మాటే వచ్చింది.

బడి మళ్ళీ తెరిచిన రోజు మొదట వచ్చినవాడు అలవాటుగా చెయ్యి చాపాడు. పంతులుగారు ఆ చెయ్యి నెమ్మదిగా మూసి, వెళ్ళి కూచోమన్నారు. ఆ రోజు శ్రీ లేదు, చుక్క లేదు, వరస దెబ్బలూ లేవు. మళ్ళీ ఏనాడూ లేవు.

ఇక నా సంగతి. నాకూ నిద్ర పోయింది. గంటం నా చాపకింద ఉండేది. కళ్ళు మూస్తే చాలు, నేనే చాడీ చెప్పాను, నేనే గంటం తీసుకుని పరిగెత్తాను, నేనే శ్రీ పెట్టించుకుని నవ్వాను అని లోపల ఒకటే రొద. ముద్ద దిగేది కాదు. అమ్మ దిష్టి తీసింది. నాన్న వైద్యుడిచేత లేహ్యం ఇప్పించారు. లేహ్యంతో పోయేదా అది? వాడు వెళ్ళిన చోటికి నేనూ పోతే ఈ రొద ఆగుతుందనిపించేది. పదకొండేళ్ళవాడికి అలాంటి ఆలోచన ఏంటనకండి. వస్తుంది. వచ్చినవాడిగా చెబుతున్నాను.

ఒకనాడు ఇంకా వెలుతురు రాకముందే వెళ్ళి వాడు కూచున్న స్తంభం దగ్గరే కూచున్నాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలీదు. ఇంట్లోకంటే అక్కడ నయంగా ఉంది. తలుపు గడియ తీసిన చప్పుడైంది. పంతులుగారు చెంబు పట్టుకుని గడపలోకి వచ్చి నన్ను చూసి ఆగిపోయారు. చెంబు పక్కన పెట్టి, తన పీటమీద కాకుండా నా పక్కనే నేలమీద కూచున్నారు. ఎన్నాళ్ళనించి నిద్ర లేదని అడిగారు. అన్నం తింటున్నావా అని అడిగారు. తరవాత గొంతు తగ్గించి అడిగారు.

"బుల్లబ్బాయీ, చచ్చిపోవాలనిపిస్తోందా?"

మా వైపు ఆ మాట ఎవరూ నోట అనరు. తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, నోరు జారి ఏదంటే అది జరుగుతుందని భయం. ఆటలో ఓడి చస్తానురా అంటేనే అమ్మ మూతిమీద కొట్టేది. అలాంటి మాట పెద్దమనిషి, అందులోనూ పంతులు, పొద్దున్నే నా మొహంమీద అడిగారు. నాకు భయం వెయ్యలేదు. గుండెలమీంచి బస్తా దించినట్టయింది. అన్నాళ్ళూ ఆ మాట నేనొక్కణ్ణే మోస్తున్నాను.

"ఊఁ" అన్నాను.

ఆయన కోప్పడలేదు. పాపమనలేదు, పుణ్యమనలేదు, మీ అమ్మానాన్నల మొహమైనా చూడవా అని దెప్పలేదు. చెప్పగలిగితే చెప్పు, చెప్పలేకపోయినా ఫరవాలేదు అన్నారు. చాడీ, గంటం, శ్రీ, అన్నీ చెప్పేశాను. వెక్కిళ్ళ మధ్య ఏం చెప్పానో, ఎలా చెప్పానో, ఆయన మధ్యలో అడ్డు రాలేదు.

"నువ్వొచ్చి నాకు చెప్పావురా. నేను వినలేదు. పైగా నిన్ను కొట్టాను. తప్పు నాది. నాది నన్ను మొయ్యనీ, నువ్వు మొయ్యకు" అన్నారు చివరికి.

లోపలికి తీసుకెళ్ళి చద్దన్నంలో మజ్జిగ పోసి, మాగాయ ముక్క వేసి పెట్టారు. చాలా రోజుల తరవాత నాకు ఆకలేసింది. తరవాత నా చెయ్యి పట్టుకుని వీధి దాటించి, మా ఇంటికి వచ్చి, ఉన్నదున్నట్టు చెప్పారు. మా నాన్న మండిపడ్డారు. కరణంగారి కొడుకుని పట్టుకుని ఇంత అశుభం పలుకుతారా అన్నారు. అమ్మ మాణిక్యాంబ, నాన్న ముందు గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి, గుమ్మం దాటి వచ్చి, ఆయన్ని అడగనివ్వండి, మనం అడగలేదు కదా అంది.

ఆ రాత్రినించి పంతులుగారు చాప తెచ్చుకుని మా అరుగుమీదే పడుకున్నారు. ఇరవై మూడు రోజులు. పగలు బళ్ళో తన పీట పక్కనే నన్ను కూచోబెట్టుకునేవారు. ఇంట్లో అమ్మ నన్ను ఒక్క గడియ ఒంటరిగా వదల్లేదు. పంతులుగారు పొద్దున్నే లేచి, జ్వరం తగ్గిందా అన్నంత మామూలుగా, ఇవాళా అలా అనిపిస్తోందిరా అని ఆ ప్రశ్నే అడిగేవారు. కొన్ని రోజులు ఊఁ అన్నాను. కొన్ని రోజులు తెలీదన్నాను. ఒక రోజు లేదండి అన్నాను. మర్నాడు మళ్ళీ ఊఁ అన్నాను. ఆయన విసుక్కోలేదు. చివరికి లేదండి అన్న రోజులే మిగిలాయి. గంటం ఏం చెయ్యమంటారని అడిగితే, దాంతో రాయి, వాడి గంటం ఊరికే పడుండకూడదు అన్నారు. ఈ గుమాస్తా చేతిరాత దాంతోనే కుదిరింది.

ఇక్కడితో ఊరు ఆయన్ని నెత్తిన పెట్టుకుని ఉంటుందనుకుంటారు. మంచికి పోతే చెడు ఎదురైందన్న సామెత ఊరికే పుట్టలేదు. పంతులు పిల్లలచేత చావు మాట పలికిస్తున్నాడని పుకారు లేచింది. ఆ నోరు మంచిది కాదన్నారు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నారు. పల్లంరాజుగారి చావడిలో కొత్త పంతులు బడి పెట్టి, శ్రీ రాసి, వరసగా దెబ్బలు కొడుతుంటే, అదీ బడంటే అని పిల్లల్ని అక్కడికి మార్చేశారు. ముప్పైమందిలో తొమ్మిదిమందిమి మిగిలాం. పెళ్ళిళ్ళకు ఆయన్ని పిలవడం మానేశారు. పసుపూ కుంకుమా ఉన్నచోట ఆ మనిషెందుకన్నారు. వీధిలో ఎదురైతే పక్కకు తప్పుకునేవాళ్ళు.

ఆయన మారలేదు. రాని పిల్లవాడి ఇంటికి మధ్యాహ్నంలోగా నడిచి వెళ్ళేవారు. జ్వరమైతే వెనక్కొచ్చేవారు, కాకపోతే కూచునేవారు. బళ్ళో ఒక కొత్త కట్టడి పెట్టారు. చాడీకి ఇక్కడ ఇప్పటికీ దెబ్బలున్నాయి, కానీ మీలో ఎవడైనా దిగులుగా ఉన్నా, ఉన్నట్టుండి తన వస్తువులు పంచిపెట్టేస్తున్నా, ఇక సెలవన్నట్టు మాట్లాడుతున్నా పరిగెత్తుకొచ్చి నాకు చెప్పండి, అది చాడీ కాదు అనేవారు. ప్రతి సోమవారం ఈ మాట మాచేత అప్పజెప్పించేవారు. ఎక్కాలు మరిచిపోయినవాళ్ళు కూడా అది మరిచిపోలేదు.

ఇంకొకటి. ఆనాటినించి ముప్పై ఏళ్ళపాటు రోజూ కోడి కూసేసరికి అరుగుమీద ఉండేవారు. వానైనా, చలైనా, ఒళ్ళు వెచ్చబడినా సరే. తెల్లారకముందే పిల్లవాడెవడైనా వస్తే అరుగు ఖాళీగా ఉండకూడదని. వచ్చినవాళ్ళు ఆరుగురో ఏడుగురో. ఒకడు తండ్రి కొడతాడని వచ్చాడు. ఒకడు ఆకలికి వచ్చాడు. కొందరు నాలాగే వచ్చారు. క్రైస్తవుల పేటలో కూలిచేసుకునే ఏసురాజు కూతురు దీనమ్మ వచ్చిందొకసారి. ఆ పిల్ల ఆయన బడిది కాదు. అరుగెక్కడానికి జంకి కింద దుమ్ములో కూచుంటే, ఆయనే దిగివచ్చి ఆ దుమ్ములో పక్కన కూచున్నారట. దానికీ ఊరు మాటలంది. దీనమ్మ ఇప్పుడు మిషను బళ్ళో పాఠాలు చెబుతోంది. దిగులుగా ఉన్న పిల్లల్ని ఆ ప్రశ్న తానూ అడుగుతానని నాతో చెప్పింది. ఆ వచ్చినవాళ్ళందరూ బతికే ఉన్నారు. మిగతా పదివేల పొద్దుల్లో ఆయనొక్కరే కూచున్నారు.

నేను పెద్దవాణ్ణయి, నరసాపురం చేరి, పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని, ఏడాదికోసారి ఊరెళ్ళినప్పుడు గంటసేపు ఆయన దగ్గర కూచునేవాణ్ణి. నిద్ర పడుతోందా అని ప్రతిసారీ అడిగేవారు. పడుతోందండి అని చెప్పి, పళ్ళో బెల్లమో ఆయన చేతిలో పెట్టి బండెక్కేవాణ్ణి. ఎంత గొప్ప కృతజ్ఞత!

మొన్న మాఘంలో భూమి కాగితాల పనిమీద వెళ్ళాను. సాయంకాలం ఆయన ఇంటికి వెళితే బడి పిల్లలు నలుగురు వెళ్ళిపోతున్నారు. ఆ నలుగురే బడంతా. మీసాలు నెరిసి వేలాడుతున్నాయి. మూల ఒకే కంచం, ఒకే చెంబు. నిద్ర పడుతోందా అని అడిగారు. పడుతోందండి అన్నాను. బండివాడు వీధిలో కేకేస్తున్నాడు. లేచాను. గడప దగ్గర కాలు ఆగింది. ఈయన ఊళ్ళో పిల్లలందర్నీ అడిగాడు, ఈయన్ని ఎవరడిగారు అని తోచింది.

తథాస్తు దేవతల భయం నలభై రెండేళ్ళ గుమాస్తాకీ ఉంటుంది. వెనక్కొచ్చి ఆయన పక్కన నేలమీద కూచున్నాను.

"పంతులుగారండి, మీకెప్పుడైనా చచ్చిపోవాలనిపించిందాండి?"

ఆయన వీధివైపు తిరిగారు. "శ్యామల పోయినప్పుడు అనిపించింది. వీరాస్వామి పోయాక చాలాసార్లు అనిపించింది" అన్నారు. నా వంక చూసి, "నన్నెవరూ అడగలేదురా ఇన్నాళ్ళూ" అన్నారు.

మరెలా గడిపారండి అన్నాను.

"పొద్దున్నే అరుగుమీద కూచుంటాను కదా. పిల్లలెవరైనా వస్తారేమోనని కూచుంటాననుకుంటారంతా. నిజమే. ఎవరో ఒకరొస్తే నాకూ బాగుండునని కూడా."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ముప్పై ఏళ్ళు ఆ మనిషి ప్రతి పొద్దునా నాకోసమూ ఎదురుచూశాడు. నేను పళ్ళు ఇచ్చి బండెక్కాను. బయటికి వెళ్ళి బండివాణ్ణి పంపేసి, మా ఇంటినించి చాప తెచ్చుకుని ఆయన అరుగుమీద పరుచుకున్నాను. కోర్టు వాళ్ళు ఏమైనా అనుకోనీ.

కోడి కూయకముందే మెలకువొచ్చింది. చాప చుట్టి స్తంభం దగ్గర కూచున్నాను. మంచు దట్టంగా ఉంది. తలుపు గడియ తీసిన చప్పుడైంది. ఆయన గడపలోకి వచ్చి, నన్ను చూసి ఆగారు.

"ముందే వచ్చావే" అన్నారు.

ఏమనుకున్నానో ఏమో, నా చెయ్యి దానంతటదే ముందుకు సాగింది. ఆయన దానివంక చూశారు. శ్రీ రాయలేదు. ఆ చెయ్యి పట్టుకుని, ఓపిక కూడదీసుకుంటూ నెమ్మదిగా నా పక్కన కూచున్నారు. తెల్లవారేదాకా వదల్లేదు.